వసంతం ఒడ్డుకు తెచ్చే చేప

అమెరికా దక్షిణ, మధ్య రాష్ట్రాలలో వసంతాగమనాన్ని చాటే చెట్లు రెండున్నాయి. ఒకటి రెడ్‌బడ్. ఆకు తొడగక ముందే కొమ్మ నిండా గులాబి కలిసిన ఊదారంగు పూలు పూస్తుంది. రెండవది డాగ్‌వుడ్. దాని తెల్లని పూత కొద్ది రోజుల తరువాత అడవి అంచుల్లో కనిపిస్తుంది. కెంటకీ, టెనెస్సీ, మిసిసిపి ప్రాంతాల పల్లెవాసులు ఈ రెండు చెట్లను చూచి చెరువు సంగతి చెప్పగలరు. రెడ్‌బడ్ పూచిందంటే క్రాపీ చేప లోతులు విడిచి ఒడ్డువైపు బయలుదేరిందని, డాగ్‌వుడ్ పూచిందంటే అది గుడ్లు పెట్టే వేళ వచ్చిందని వారి లెక్క. మన రైతు కార్తెలను బట్టి దుక్కికీ, విత్తుకూ వేళ నిర్ణయించుకున్నట్లే ఇదీను. చెట్టూ చేపా రెండూ ఒకే సూర్యుని వేడికి మేలుకొంటాయి గనుక ఆ లెక్క సాధారణంగా తప్పదు.

క్రాపీ పెద్ద చేప కాదు. పట్టుబడే వాటిలో అధిక భాగం అరకిలోకు తక్కువే తూగుతాయి. తెల్ల క్రాపీ, నల్ల క్రాపీ అని ఇందులో రెండు జాతులున్నాయి. తెల్ల క్రాపీ ఒంటిపై నిలువు చారలుంటాయి. నల్ల క్రాపీ ఒంటినిండా వరుస తప్పిన మచ్చలుంటాయి. నమ్మకంగా గుర్తు పట్టాలంటే వీపు రెక్కలోని ముళ్ళు లెక్కపెట్టాలి. తెల్లదానికి ఐదో ఆరో, నల్లదానికి ఏడో ఎనిమిదో ఉంటాయి. తెల్ల జాతిని 1818లో రఫినెస్క్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు తొలిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. నల్ల జాతిని 1829లో లెస్యుయర్ వర్ణించాడు. లూసియానాలోని ఫ్రెంచి సంతతివారు దీనిని ‘సాకాలే’ అంటారు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు పాలసంచి అని అర్థం వస్తుంది. ఫ్లోరిడాలో దీని పేరు ‘స్పెకిల్డ్ పెర్చ్’, అనగా చుక్కల చేప. తెల్ల క్రాపీలో రికార్డుకెక్కినది 1957లో మిసిసిపి రాష్ట్రంలోని ఈనిడ్ ఆనకట్ట వద్ద దొరికింది. బరువు సుమారు 2.35 కిలోలు. నల్ల క్రాపీ రికార్డు 2018 నాటిది. టెనెస్సీ రాష్ట్రంలోని ఒక చిన్న కుంటలో దొరికిన ఆ చేప దాదాపు రెండున్నర కిలోలు తూగింది.

లోతు నుంచి ఒడ్డుకు

శీతకాలమంతా క్రాపీలు లోతైన నీటిలో గుంపులుగా, పెద్దగా కదలక ఉండిపోతాయి. నీటి వేడి పది, పదమూడు డిగ్రీల సెంటిగ్రేడుకు చేరేసరికి వాటిలో చలనం పుడుతుంది. జలాశయంలో మునిగిపోయిన పాత వాగుల గర్భాలున్నాయి చూడండి, అవే వాటికి రాజమార్గాలు. ఆ దారుల వెంట మెల్లగా చిన్న చిన్న నీటి పాయల్లోకి వస్తాయి. పాయ ముఖద్వారం వద్ద మూడు నాలుగు మీటర్ల లోతున కొన్నాళ్ళు విడిది చేస్తాయి. నాలుగు రోజులు వరుసగా ఎండ కాస్తే మెరకకు వస్తాయి. ఉత్తరపు చలిగాలి వీస్తే తిరిగి లోతుకు జారుకొంటాయి. నీటి వేడి 16 నుంచి 20 డిగ్రీల మధ్య స్థిరపడిన తరువాత ఒడ్డుకు అతి సమీపంగా, ఒక్కొక్కచోట మోకాటి లోతు నీటిలోకి కూడా వచ్చి గూళ్ళు కడతాయి.

గూడు కట్టేది మగచేప. అడుగున ఉన్న మట్టినో ఇసుకనో తోకతో ఊడ్చి, పళ్ళెమంత గుంట చేస్తుంది. మునిగిన పొద, చెట్టు మోడు, తుంగ దుబ్బు వంటి ఆసరా పక్కన ఉంటే మరీ ఇష్టం. ఈ రోజుల్లో మగచేప ఒళ్ళు నలుపెక్కుతుంది. ఆడచేప వయస్సును బట్టి, పరిమాణాన్ని బట్టి వేల నుంచి లక్షకు పైబడి గుడ్లు పెడుతుంది. పెట్టి తన దారిన లోతుకు వెళ్ళిపోతుంది. కాపలా అంతా తండ్రిదే. రెక్కలతో నీటిని విసరుతూ గుడ్లకు గాలి అందిస్తుంది. దగ్గరకు వచ్చిన చిన్న చేపలను తరిమివేస్తుంది. నీటి వేడిని బట్టి రెండు నుంచి ఐదు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్లలు ఈదడం నేర్చి గూడు విడిచేదాకా కాపలా సాగుతుంది. మన కొర్రమీను సంసారం తెలిసినవారికి ఈ పితృధర్మం వింతగా తోచదు.

గాలం వేసే తీరు

ఈ చేపను పట్టడానికి కావలసిన సామగ్రి స్వల్పం. పూర్వం పొడుగైన వెదురు కర్ర, దాని చివర కర్రంత పొడుగు దారం, ఒక బెండు, ఒక సన్నని కొక్కెం, చిటికెడు సీసం, ఎరగా బతికి ఉన్న చిన్న చేపపిల్ల, ఇంతే. నేడు వెదురుకు బదులు గాజునార కర్రలు వచ్చాయి. బతికిన ఎరకు బదులు ‘జిగ్’ అనే కృత్రిమ ఎర వచ్చింది. గింజంత సీసపు తలకు ఈకలో, పోగులో కట్టి చేసిన బొమ్మ చేప అది; బరువు కొద్ది గ్రాములే. విధానం మాత్రం మారలేదు.

అనుభవజ్ఞులు చెప్పే సూత్రాలు నాలుగైదు. మొదటిది ఎండ చూచుకోవడం. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు గనుక ఉత్తరపు ఒడ్డున ఎక్కువసేపు ఎండ పడుతుంది. అక్కడి నీరు ముందు వేడెక్కుతుంది. వసంతారంభంలో ఆ ఒడ్డే మేలు. రెండవది ఆసరా వెదకడం. ఉత్త నీటిలో గాలం వేసి కూర్చున్నవానికి రోజంతా బెండు కదలదు. అదే మునిగిన పొద పక్కన జేనెడు దూరంలో దింపినవానికి నిమిషంలో కదలవచ్చు. మూడవది లోతు. క్రాపీ కళ్ళు పైచూపు కళ్ళు. తనకు పైన కదిలేదాన్ని లేచి అందుకుంటుంది గాని కిందకు దిగి వెదకదు. కాబట్టి ఎర చేపకంటె కొంచెం పైన ఉండాలి. కిందికి పోయిందా, వృథా. నాలుగవది చేతివాటం. దీని నోటి చుట్టూ ఉన్న చర్మం కాగితమంత పలుచన. అందుకే దీనిని ‘కాగితపు నోరు’ అని కూడా పిలుస్తారు. గబుక్కున లాగితే కొక్కెం ఆ చర్మాన్ని చీల్చుకొని వచ్చేస్తుంది, చేప జారిపోతుంది. మెల్లగా, బిగువు తగ్గకుండా ఎత్తాలి. ఐదవది ఓపిక కాదు, దానికి వ్యతిరేకం. ఒకచోట పావుగంట సేపు కదలిక లేకపోతే మరొక పొదకు నడవాలి. ఒక గూడున్నచోట పది గూళ్ళుంటాయి గనుక, ఒక చేప దొరికిందంటే మాత్రం అక్కడే నిలవాలి.

సంవత్సరంలో మిగిలిన కాలమంతా ఈ చేప పడవలవారిది. నడి జలాశయంలో, ఆరేడు మీటర్ల లోతున ఉన్నదాన్ని పట్టాలంటే పడవ కావాలి, మర కావాలి, చేపల జాడ చూపే యంత్రం కావాలి. వాటి ఖరీదు వేల డాలర్లు. వసంతకాలపు మూడు నాలుగు వారాలు మాత్రం లెక్క తలకిందులవుతుంది. చేపే నడిచివచ్చినట్లుగా ఒడ్డుకు వస్తుంది. తలకిందులు చేసిన బకెట్టు మీద కూర్చున్న ముసలమ్మకూ, బడి విడిచి వచ్చిన పిల్లవానికీ, కూలికి పోయి సాయంకాలం తీరిక చేసుకొన్న శ్రామికునికీ ఆ కొద్ది రోజులు పడవ గలవానితో సమానమైన అవకాశం లభిస్తుంది. ఇంటిల్లిపాదికీ రాత్రి భోజనానికి సరిపడే చేపలు మూడు గంటల్లో చేతికి రావచ్చు. మొక్కజొన్న పిండి అద్ది నూనెలో వేయించిన క్రాపీ ఆ ప్రాంతపు సామాన్య గృహాల వసంతకాలపు విందు. ఈ చేపకు అంతటి ప్రజాభిమానం కలగడానికి దాని రుచి ఎంత కారణమో, అది అందరికీ అందడమూ అంతే కారణం.

మునిగిన లోయలో

ఈ చేపల వేటకు పేరుపొందిన తావులలో ప్రకృతి నిర్మించినవి కొన్ని. టెనెస్సీ రాష్ట్రపు వాయవ్య మూలనున్న రీల్‌ఫుట్ సరస్సు 1811–12 శీతకాలంలో వచ్చిన న్యూ మాడ్రిడ్ భూకంపాల వల్ల నేల కుంగి ఏర్పడింది. నేటికీ అందులో సైప్రస్ చెట్ల మోళ్ళు నీటిలో నిలిచి ఉంటాయి. కాని అధిక భాగం మనుష్యులు నిర్మించినవే. వాటిలో పెద్దది కెంటకీ జలాశయం. 1933లో ఏర్పడిన టెనెస్సీ లోయ అభివృద్ధి సంస్థ 1938లో ఆ ఆనకట్ట నిర్మాణం ఆరంభించి 1944లో పూర్తిచేసింది. నీరు 184 మైళ్ళ పొడవున నిలిచింది; లక్షా అరవైవేల ఎకరాలను కప్పింది. దాని ఒడ్డు చుట్టుకొలత రెండువేల మైళ్ళకు పైమాటే. ఒడ్డుపొడవున ఎన్ని పాయలో, ఎన్ని మలుపులో ఆ అంకెలే చెబుతాయి. వెయ్యి చిన్న వాగులు మునిగినప్పుడు వెయ్యి పాయలేర్పడతాయి గదా!

ఆ నీటికింద ఉన్నవి వాగులు మాత్రమే కావు. ఆ జలాశయం కోసం సుమారు 2,600 కుటుంబాలు ఇండ్లు విడిచి తరలిపోయాయి. పొలాలు, దారులు, శ్మశానాలు కూడా కదలవలసివచ్చింది. నేడు వసంతంలో క్రాపీ గూడు కట్టే మెరక ఒకనాడు ఎవరి మొక్కజొన్న చేనో, ఎవరి పెరటి దడో అయి ఉండవచ్చు. మన దేశంలో 1948లో దామోదర్ లోయ సంస్థను ఏర్పాటు చేసినప్పుడు మాదిరిగా తీసుకొన్నది ఈ టెనెస్సీ సంస్థనే. కృష్ణమీద నాగార్జునసాగరానికి 1955లో శంకుస్థాపన జరిగిన తరువాత, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నెలకొన్న లోయ సహా ఎన్నో ఊళ్ళు నీట మునిగాయి. విద్యుత్తు, సాగునీరు దూరానున్నవారికి చేరాయి. లోయ విడిచి పోయినవారికీ, ఒడ్డున మిగిలినవారికీ ఏమి దక్కింది? ఈ ప్రశ్నకు టెనెస్సీ లోయ ఇచ్చిన జవాబులలో ఒకటి చిన్నదే గాని స్పష్టమైనది: ఒడ్డు. జలాశయపు ఒడ్డున అధిక భాగం ప్రజలది. చిన్న రుసుము చెల్లించి అనుమతి పత్రం తీసుకొన్నవాడెవడైనా గాలం వేసుకోవచ్చు. చాలా రాష్ట్రాల్లో పదహారేండ్లలోపు పిల్లలకు ఆ పత్రం కూడా అక్కరలేదు.

గూటిమీది చేపను పట్టడం న్యాయమా?

ఇక్కడ చదువరికి సహజంగా ఒక సందేహం కలుగుతుంది. గుడ్లు పెట్టడానికి వచ్చిన చేపను, గుడ్లకు కాపలా కాస్తున్న తండ్రిని గాలం వేసి ఎత్తడం ధర్మమేనా? తండ్రి తొలగిన గూటిమీద ఇతర చేపలు పడి గుడ్లు మెక్కివేస్తాయనడంలో అనుమానం లేదు. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటను నిషేధిస్తున్నాము గదా!

మత్స్య శాస్త్రజ్ఞుల సమాధానం ఆలోచింపదగినది. క్రాపీ అల్పాయుష్కురాలు; దక్షిణ ప్రాంతపు జలాశయాల్లో ఐదారేండ్లు దాటి బతికేవి తక్కువ. పట్టినా పట్టకపోయినా అధిక సంఖ్య త్వరలోనే రాలిపోతుంది. ఒక్కొక్క ఆడచేప పెట్టే గుడ్లు అపారం. అందుచేత పెద్ద జలాశయాల్లో ఒక ఏడు పిల్లలు ఎన్ని నిలుస్తాయన్నది ఎన్ని చేపలు గుడ్లు పెట్టాయన్నదానికంటె, ఆ ఏడు నీరు ఎట్లా ఉన్నదన్నదానిమీద ఎక్కువగా ఆధారపడుతుంది. శీతకాలాంతంలో, వసంతంలో నీరు సమృద్ధిగా వచ్చి, ఒడ్డు పొదలు మునిగి, కొన్నాళ్ళు నిలకడగా ఉంటే పిల్లలకు తిండీ దాపరికమూ రెండూ దొరుకుతాయి. రెండు మూడేండ్ల తరువాత ఒడ్డున పండుగే. నీరు తక్కువైన ఏట గుడ్లు ఎన్ని పెట్టినా ఫలితం సున్న. చిన్న కుంటల్లోనైతే సమస్య మరీ విరుద్ధం. పట్టేవారు లేకపోతే చేపలు మితిమీరి, తిండి చాలక, అన్నీ గిడసబారి మిగులుతాయి.

కనుక అసలు అధికారం గాలంవాని చేతిలో లేదు; ఆనకట్ట తలుపులు ఎత్తి దించేవాని చేతిలో ఉన్నది. కెంటకీ జలాశయంలో శీతకాలపు నీటిమట్టం సముద్రమట్టానికి 354 అడుగులు. ఏప్రిల్ 1 నుంచి మే 1 లోగా దానిని 359 అడుగులకు పెంచుతారు. ఈ ఐదడుగుల పెరుగుదల సరిగా క్రాపీ గూళ్ళు కట్టే వేళకే వస్తుంది. వరదను ఆపడానికో విద్యుత్తు కోసమో హఠాత్తుగా నీరు విడిచిపెడితే, నిన్న మోకాటి లోతున్న గూడు నేడు ఎండలో పడుతుంది. వెయ్యిమంది గాలాలు వేసినా కలగని నష్టం ఒక్క రాత్రిలో కలుగుతుంది. నియమాలు గాలంవానికే కాక, గేటు వద్ద ఉన్నవానికీ ఉండాలని శాస్త్రం చెబుతున్నది.

అంతమాత్రాన గాలానికి హద్దు అక్కరలేదని కాదు. చాలాచోట్ల పది అంగుళాలకు తక్కువైన క్రాపీని తిరిగి నీటిలో విడవాలి. ఒక మనిషి ఒక రోజున పట్టదగిన సంఖ్యకు పరిమితి ఉంటుంది. ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం చేపకు లభించాలన్నది మొదటి నియమపు ఉద్దేశం. ఒకడే దోచుకోకుండా పదిమందికీ దక్కాలన్నది రెండవదాని ఉద్దేశం. ఇందుకయ్యే ఖర్చు కూడా వేటగాళ్ళే భరిస్తారు. 1950లో చేసిన డింగెల్–జాన్సన్ చట్టం ప్రకారం గాలపు కర్రలు, చక్రాలు, ఎరల వంటి సామగ్రి అమ్మకంపై విధించిన పన్ను మత్స్య సంరక్షణకే రాష్ట్రాలకు పంచబడుతుంది. 1984లో ఈ పన్నును మరిన్ని వస్తువులకూ, మరపడవల ఇంధనానికీ విస్తరించారు. ఆసరా లేని చోట మత్స్యశాఖలవారు పండుగ ముగిసిన తరువాత పారవేసిన క్రిస్మస్ చెట్లను సేకరించి, రాళ్ళు కట్టి నీటిలో ముంచుతారు. అవే మరుసటి వసంతానికి క్రాపీలకు నెలవులవుతాయి.

కొత్త వివాదం కూడా ఒకటి తలెత్తింది. 2018లో అంగడికి వచ్చిన ఒక రకపు సోనార్ యంత్రం నీటిలోని చేపను కదులుతుండగానే తెరమీద చూపిస్తుంది. ఫలానా మోడు పక్కన ఫలానా చేప ఉన్నదని చూచి, సరిగా దాని ముక్కు ముందుకే ఎర దింపవచ్చు. నడి జలాశయంలో, నడివేసవిలో సైతం పెద్ద చేపలను ఏరి పట్టడం సాధ్యమైంది. ఇందువల్ల చేపలు తరుగుతాయా లేదా అన్న చర్చ నడుస్తున్నది. అయితే ఒడ్డువాని వాదన వేరు. పన్నెండు నెలలూ పడవవాడు పెద్దవాటిని ఏరుకొంటే, వసంతంలో ఒడ్డుకు వచ్చేవి ఏమి మిగులుతాయి అని అతని ప్రశ్న. అది లెక్కల ప్రశ్న కాదు, పంపకం ప్రశ్న.

మన ఒడ్డున

మన బొచ్చె, శీలవతి వంటి చేపలు వసంతపు వేడికి గుడ్లు పెట్టేవి కావు. నైరుతి ఋతుపవనాల వరద నీటిలో నది అంచులు మునిగినప్పుడు పెడతాయి. నిలిచిన నీటిలో సాధారణంగా పెట్టవు గనుక జలాశయాల్లో పిల్లలను తెచ్చి విడవవలసి ఉంటుంది. క్రాపీతో సరిపోల్చదగినది కొర్రమీను. తెలంగాణ రాష్ట్రం దీనిని తన రాష్ట్ర చేపగా గౌరవించింది. చెరువు అంచున గడ్డి తొలగించి గూడు చేసి, తేలే గుడ్లకు కాపలా కాచి, పిల్లలు గుంపుగా నీటిమీద ఆడుతుంటే కింద తిరుగుతూ రక్షిస్తుంది. ఎర్రని పిల్లల గుంపు కనిపించినచోట కిందనున్న పెద్దచేపను పొడవడం మన పల్లెల్లో తెలిసిన విద్యే. క్రాపీ పిల్లలకు తండ్రి కొద్ది రోజులే కాపలా. కొర్రమీను పిల్లలకు కాపలా చాలా రోజులు కావాలి. అందుచేత అక్కడ చెల్లిన సమాధానం ఇక్కడ చెల్లదు. ఒక చిన్న చెరువులో ఒక జంటను తీసివేస్తే ఆ గుంపంతా పోయినట్లే. చిత్రమేమంటే మన ఈ అభిమాన మత్స్యం అమెరికాలో నేరస్థురాలు. దాని కుటుంబపు చేపలు అక్కడి నీళ్ళలో పడి స్థానిక జాతులను హరిస్తాయన్న భయంతో 2002లో ఆ కుటుంబాన్నంతటినీ హానికర జాబితాలో చేర్చి, బతికిన చేపల దిగుమతిని నిషేధించారు. ఏ చేపైనా తన నీటిలోనే ధర్మాత్మురాలు.

నీటిలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టరాదని మన దేశంలో 1897లోనే చట్టం వచ్చింది. చట్టం వయస్సు నూరేండ్లు దాటింది. ఆ పద్ధతులు మాత్రం ఇంకా పూర్తిగా మాసిపోలేదు. హద్దును పాటించేవాడు తనకు ఒడ్డున భాగముందని నమ్మినప్పుడే పాటిస్తాడు. రేపు ఈ చేప తన పిల్లవానికి దక్కుతుందన్న భరోసా లేనివాడు నేడే అంతా ఊడ్చుకుపోవాలని చూస్తాడు. చెరువు పాటలో ఎవరో ఒకరికి పోయి, జలాశయం ఒడ్డు ముళ్ళకంచెల వెనుకకు పోయిన తరువాత, అనాదిగా గాలం వేసుకొనేవానికి నియమాలు బోధించడం వల్ల ప్రయోజనం స్వల్పం.

క్రాపీ కథ నుంచి మనం ఎరువు తెచ్చుకోవలసినది చేపను కాదు, గాలాన్ని కాదు, రెండు సూత్రాలను. నీటిని విడిచేటప్పుడు గూడును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఒడ్డును పంచేటప్పుడు పడవ లేనివాణ్ణి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ రెండూ జరిగిన చోట మూడవదైన సంయమనం ప్రజలలో తనంతట తాను పెరుగుతుంది.